గట్టు మీద గొడుగు

ఫ్లెక్సీ రెండు ముక్కలై పేట మొగదల రోడ్డు మీద పడి ఉంది. ఒక ముక్క మీద జాయ్ మొహం, రెండో ముక్క మీద ‘మా పేట ముద్దుబిడ్డకు అభినందనలు’ అన్న అక్షరాలు. కోసింది ఏ తాగుబోతో, ఏ గిట్టనివాళ్ళో అయితే పేట కుర్రాళ్ళు ఈపాటికి వాళ్ళ వీపు విమానం మోత మోగించి ఉండేవారు. కోసింది జాయ్ నాయనమ్మ సువార్తమ్మ. ఎలిమెంటరీ స్కూలు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి, ఆదివారం చర్చిలో మొదటి వరసలో కూర్చునే మనిషి, కొబ్బరిబోండాలు కొట్టే కత్తి పట్టుకుని, గంజి పెట్టిన చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, పట్టపగలు అందరూ చూస్తుండగా కోసి పారేసింది. ఇక ఎవరు నోరెత్తుతారు?

నాగసతీష్ ఒక్కడే ధైర్యం చేసి ఇంటిదాకా వచ్చాడు. ఫ్లెక్సీ కట్టించింది వాడే. వాడికి అక్షరాలు దిద్దించింది సువార్తమ్మే కాబట్టి గుమ్మం ఎక్కకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

“తప్పేం చేసేమండీ టీచర్ గారూ? జిల్లా మొత్తానికి ఫస్టు ప్రైజండీ. మన పిల్లకి. మన పేట కథకి.”

“పుస్తకం చదివేవా?” సువార్తమ్మ కత్తి ఇంకా ఒళ్ళోనే ఉంచుకుంది.

“లేదండి. వాట్సాప్‌లో ఫొటో చూసేనండి.”

“అందుకే ఫ్లెక్సీ కట్టేవు. చదివుంటే నువ్వే కోసేవాడివి. ఆ ముక్కలు పట్టుకెళ్ళి ఎవరి పాక మీదన్నా కప్పు. చినుకు పడకుండా ఉంటుంది.”

“ఆయ్,” అని తలూపేసి వాడు వెళ్ళిపోయాడు.

నిర్మల మినపరొట్టె ప్లేటులో పెట్టుకుని అత్తగారి ముందుకొచ్చి నిలబడింది. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, ఎంతటి అల్లరి క్లాసునైనా కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి, ఈ వీధి అరుగు ముందు మాత్రం, పుస్తకం ఇంటికొచ్చిన ఆదివారం నుంచీ ఓడిపోతూనే ఉంది.

“చల్లారిపోతోందండీ అత్తయ్యగారూ.”

“పిండి రుబ్బిందెవరు?”

“నేనేనండి.”

“మూకుట్లో తిరగేసిందెవరు?”

తిరగేసింది జాయ్. ప్లేటు వచ్చిన దారినే లోపలికి వెళ్ళింది.

గదిలోంచి రవికుమార్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. ఈయన సువార్తమ్మకి ఒక్కగానొక్క కొడుకు, జాయ్ చదివే కాలేజీలోనే ఫిజిక్సు లెక్చరరు. ఇవాళ బహుమతుల సభ జరిగేది కూడా ఆ కాలేజీ హాల్లోనే.

“అమ్మా, నువ్వు మరీ చేస్తున్నావు. ప్రిన్సిపాల్ గారు పొద్దున్నే ఫోను చేసేరు. మాణిక్యాలరావు గారు స్వయంగా వస్తున్నారంట, దానికి శాలువా కప్పడానికి. పుస్తకం అచ్చేయించింది ఆయనే. మా కాలేజీ కమిటీకి ప్రెసిడెంటు కూడా ఆయనే. ఆ సంగతి నీకు తెలుసు.”

“తెలుసు. వాళ్ళ ముత్తాత సంగతి కూడా తెలుసు.”

“ఎప్పటి మాట అది!”

“నాకు నిన్నటి మాట.”

అక్కడితో ఇద్దరూ ఆగిపోయారు. ఆ మాట దగ్గర ఆ ఇంట్లో ఎప్పుడూ ఆగిపోతూనే ఉంటారు.

కథేమిటో పేటలో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు, ఆడవాళ్ళ పాటల్లో వింటూ పెరిగినదే. వరదలో ఏటిగట్టుకి గండి పడింది. ఎంత మట్టి పోసినా నిలవలేదు. మనిషిని బలి ఇస్తే గాని గట్టు నిలవదని ఎవడో అన్నాడు. గట్టు కింద పొలాల కామందు గట్టు మీద నిలబడి, మట్టి తట్టలు మోస్తున్న ఆడవాళ్ళ వంక చూశాడు. నూకాలు అనే పచ్చి బాలింత పిల్లకి పాలివ్వడానికి తట్ట దించింది. పని ఆపిందని ఆమెని చూపించాడు. తోసేశారు. ఆమె మీదే మట్టి పోశారు. గట్టు నిలిచింది, గట్టు మీద ఏడుస్తూ పసిపిల్ల మిగిలింది. ఆ పసిపిల్ల సంతానమే సువార్తమ్మ తల్లి అప్పాయమ్మ, ఆ తర్వాత సువార్తమ్మ, రవికుమార్, జాయ్. ఆ కామందు మునిమనవడు మాణిక్యాలరావు. గట్టు కింద ఆయన వరిపొలాలు ఇప్పుడు రొయ్యల చెరువులయ్యాయి.

జాయ్ ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. విద్యార్థుల కథల పోటీకి ఆమె రాసి పంపింది ఈ కథే. విన్నది విన్నట్టు రాసింది.

పోటీ కథల పుస్తకంలో అచ్చయి వచ్చింది మాత్రం వేరు. అందులో నూకాలు కాళ్ళకి పసుపు రాసుకుని, చేతులు జోడించి, ‘కామందు గారి పొలం చల్లగా ఉండాలి’ అంటూ తనంతట తానే గండిలోకి నడిచి వెళ్ళింది. దేవతై వెలసింది. కామందు ఆమెకి గుడి కట్టించాడు. పసిపిల్ల ఊసే లేదు. పసిపిల్ల ఉంటే తల్లి నవ్వుతూ నడిచి వెళ్ళిందంటే ఎవరు నమ్ముతారు? అందుకని పిల్లని తీసేశారు. ఆ పిల్లని తీసేస్తే వీళ్ళెవరూ లేరు. కింద పేరు మాత్రం జాయ్‌ది, ఫొటోతో సహా.

జాయ్ తలుపు పట్టుకుని నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

“మామ్మా, నేనలా రాయలేదని ఎన్నిసార్లు చెప్పాలి?”

సువార్తమ్మ మనవరాలి వైపు చూడకుండా కోడలితో అంది. “నిర్మలా, రాయలేదంట. మరి ఫోను వచ్చినప్పుడు ఏమందో అడుగు.”

అదీ అసలు గాయం. పుస్తకానికి సంపాదకులు చలపతి గారు, అమలాపురంలో తెలుగు చెప్పి రిటైరైన పండితులు. ఆయన ఫోను చేసి, ‘ముగింపు కొద్దిగా సవరిస్తున్నానమ్మా, అభ్యంతరం లేదు కదా’ అన్నారు. జాయ్ ‘ఆయ్, మీ ఇష్టం సార్’ అంది. పెద్దాయన, పైగా గురువుగారికి గురువు. ఏవో అచ్చుతప్పులు దిద్దుతారనుకుంది. కోనసీమలో పుట్టిన పిల్ల అంతటి పెద్దమనిషి అడిగితే ఇంకేమంటుంది? ఇక్కడ వద్దని చెప్పడం పుట్టుకతో రాదు, నేర్చుకోవాలి.

“మా అమ్మ కూడా ఆయ్ అనేది నిర్మలా,” అంది సువార్తమ్మ. “అనకపోతే మర్నాడు పన్లోకి పిలవరు. పిల్లలం పస్తుంటాం. దీనికేం వచ్చింది? దీన్నెవరు పస్తు పెడతారు? ఇంత చదివించింది మళ్ళీ ఆయ్ అనడానికా?”

“అయితే ఇప్పుడేం చెయ్యమంటావు మామ్మా? చావమంటావా?”

“శాలువా కప్పించుకోమను. కప్పించుకుని అటే పొమ్మను. ఈ గుమ్మంలోకి మాత్రం ఆ శాలువాతో రావద్దను.”

రవికుమార్ చెప్పులు తొడుక్కుని విసురుగా బయటికి నడిచాడు. గేటు దగ్గర ఆగి, “మూడింటికి హాల్లో ఉండాలి జాయ్. నువ్వేం మాట్లాడకు. ఇచ్చింది చదువు, దిగు. నా మాట ఒక్కటి విను,” అన్నాడు.

జాయ్ తలూపలేదు. తండ్రి బండి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

“అమ్మా, బండి తాళాలు తీసుకో. చలపతి గారింటికి వెళ్దాం. అలా ఎందుకు చేసేరో ఆయన నోటితోనే వినాలి.”

*

చలపతి గారింట్లో తలుపు తీసింది హరిప్రియ. ఆయన మనవరాలు, జాయ్ క్లాస్‌మేటు. జాయ్‌ని చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

“తాతగారు నీ కథ చదివి ఏడ్చేరే, తెలుసా? ఇన్ని కథల్లో ఇదొక్కటే కథ అన్నారు.”

జాయ్ చెయ్యి విడిపించుకుంది. హరిప్రియ నవ్వు సగంలో ఆగింది.

చలపతి గారు ఉయ్యాల బల్ల మీంచి లేచి మరీ కూర్చోమన్నారు. నిర్మలని ‘రండమ్మా’ అన్నారు, మజ్జిగ తెప్పించారు, మీ అత్తగారు కులాసానా అని అడిగారు. చెడ్డమనిషైతే జాయ్ పని సులువయ్యేది. ఈ మనిషి మీద కోపం తెచ్చుకోవాలంటే కాస్త శ్రమ పడాలి. జాయ్ ఆ శ్రమ పడటానికే వచ్చింది.

“ముగింపు ఎందుకు మార్చేరండీ?”

“నువ్వు సరేనన్నావు కదమ్మా.”

“అది మర్యాదకన్నానండి.”

“మర్యాదకన్నదీ మాటే కదమ్మా,” అని ఆయన చిన్నగా నవ్వారు. “నీ భాష ముత్యం. ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ముగింపొక్కటే సరిచేసేను.”

“ముగింపే కదండీ కథ.”

“అందుకే సరిగ్గా ఉండాలంటాను. జానపద కథంటే ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకునేది కాదమ్మా. జనం నోట్లో ఏది నిలిచిందో అదే అసలుది. ఉద్యోగంలో చేరిన కొత్తలో టేపురికార్డరు భుజాన వేసుకుని ఈ పాటలన్నీ పోగుచేసేను. నువ్వు రాసిందెక్కడా నేను వినలేదు. మీ మామ్మగారు ఏ బాధలోనో అలా మార్చి చెప్పుంటారు.”

“మా మామ్మ మార్చలేదండి.”

“తప్పు పట్టడం లేదు సుమా. మీరు చర్చికెళ్ళే మనుషులు. మీ ఇళ్ళల్లో ఇవన్నీ ఎక్కడ మిగిలేయమ్మా? మాలాంటి వాళ్ళం దాచబట్టి కదా, మళ్ళీ మీ చేతికొస్తున్నాయి.”

ఎంత మెత్తగా అన్నారో! అప్పటిదాకా నోరు విప్పని నిర్మల మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది.

“మా అత్తగారు పొద్దున్న కీర్తన పాడతారండి, సాయంత్రం ఈ పాట పాడతారండి. రెండూ ఒకటే గొంతుతో పాడతారు.”

“దేవుణ్ణి మార్చుకున్నామండి,” అంది జాయ్. “తాతమ్మని మార్చుకోలేదు.”

చలపతి గారికి ఆ మాట నచ్చినట్టే ఉంది. తల పంకించారు. అయినా ఒప్పుకోలేదు. “హరీ, ఆ పాట వినిపించు. వింటే వాళ్ళకే తెలుస్తుంది,” అన్నారు.

హరిప్రియ ఫోను తీసింది. పాత క్యాసెట్టులోంచి ఎక్కించిన పాట. ముందు చినుకుల చప్పుడు, బురద నీళ్ళల్లో కాళ్ళు కదులుతున్న చప్పుడు. తర్వాత ఒక గొంతు ఎత్తుకుంది. సన్నటి గొంతు, చరణం చివర కాస్త బొంగురు. వెనకాల ఆడవాళ్ళందరూ అందుకున్నారు.

“ముందు పాడుతున్నావిడ పేరు అప్పాయమ్మ,” అన్నారు చలపతి గారు. “మీ పేట మనిషే.”

“మా తాతమ్మండి,” అంది జాయ్.

పుట్టాక మొదటిసారి ఆ గొంతు వింటోంది. ఒళ్ళంతా చెవులు చేసుకుని వింది. అప్పాయమ్మ పాడుతోంది. నూకాలు పసుపు రాసుకుందనీ, కామందుకి దణ్ణం పెట్టిందనీ, నవ్వుతూ గండిలోకి నడిచిందనీ పాడుతోంది. పుస్తకంలో ఉన్నదే, పొల్లు పోకుండా. నిర్మల కూతురి మొహంలోకి చూసి కళ్ళు దించేసుకుంది. ఆదివారం నుంచీ ఇంటిని రెండుగా చీల్చిన కోపమంతా ఉత్తదేనా? అత్తగారే అబద్ధం చెప్పిందా?

పాట అయిపోయింది. జాయ్ మెల్లిగా అడిగింది.

“ఇది రికార్డు చేసినప్పుడు మీరెక్కడున్నారండీ?”

“గట్టు మీదేనమ్మా. వరి ఊడ్పుల రోజులు. ముసురు పట్టింది. టేపురికార్డరు తడిసిపోతుందని మాణిక్యాలరావు గారి నాన్నగారు తన పక్కనే కుర్చీ వేయించేరు. ఆయన గొడుగు కిందే కూచుని అంతా రికార్డు చేసేను.”

“ఆయన మధ్యలో భోజనానికి వెళ్ళలేదాండీ?”

“వెళ్ళకేం! నన్నూ తీసికెళ్ళేరు. చాలా మర్యాదస్తులు.”

జాయ్ నవ్వింది. నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నిర్మల పక్కనుంచి గిల్లింది.

చలపతి గారు ఆ నవ్వుని మరోలా అర్థం చేసుకున్నారు. పిల్లకి నచ్చిందనుకుని మురిసిపోయారు. “ఇవాళ సభలో ముందు ఈ పాట వినిపిస్తాం. ఆ వెంటనే నువ్వు కథ చదువు. పాటా కథా ఒక్కచోట ముగిస్తే ఎంత నిండుగా ఉంటుందో చూద్దువుగాని.”

“ఆయ్,” అంది జాయ్. “తప్పకుండా చదువుతానండి.”

హరిప్రియ మాత్రం స్నేహితురాలి మొహం చూసి గేటు దాకా వచ్చింది. “ఏంటే? ఏమైందే?” అని అడిగింది. జాయ్ సమాధానం చెప్పకుండా బండెక్కేసింది.

ఊరు దాటాక నిర్మల ఇక ఉండలేక బండి పక్కకి ఆపింది. రెండు పక్కలా రొయ్యల చెరువుల్లో గాలి అందించే చక్రాల రేకులు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి.

“ఎందుకు నవ్వేవు?”

“మామ్మ నీకెప్పుడూ చెప్పలేదా అమ్మా? కామందు గొడుగు గట్టు మీదుంటే ఒక పాట. గొడుగు భోజనానికెళ్ళేక ఇంకో పాట. ఊడ్పుల్లో ఆడవాళ్ళు ఎప్పుడూ అలాగే పాడేవారంట. ఆయన వింటుంటే నూకాలు నవ్వుతూ నడిచెళ్ళేది. ఆయన మురిసిపోయి తమలపాకులు పంపించేవాడంట. ఆయనటు వెళ్ళగానే అసలుది ఎత్తేవారు. చలపతి గారు ఆ గొడుగు కిందకే వచ్చేరు, ఆ గొడుగుతోనే వెళ్ళిపోయేరు. ఆయన విన్నదంతా ఆయన్ని చూసి పాడింది.”

నిర్మల సఖినేటిపల్లి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి. ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

“మరి ఆ మాట అక్కడే చెప్పొచ్చు కదే ఆయనకి? మంచివాడేలా ఉన్నాడు. అర్థం చేసుకునేవాడు.”

“అక్కడ చెప్తే ఒక్కరు వింటారు. ‘అయ్యో పాపం’ అంటారు, మళ్ళీ అచ్చులో చూద్దాం అంటారు. నాకది చాలదు.”

“మీ నాన్న ఉద్యోగం ఎవరి చేతిలో ఉందో గుర్తుందా?”

“ఉందమ్మా. అయినా నాకు మంట తగ్గట్లేదు. నా పేరు పెట్టి, నా ఫొటో వేసి, నాచేతే నూకాల్ని మళ్ళీ తోయించేరు. నేను ఊరుకోను.”

ఆ గొంతు కూతురిది కాదు, అచ్చం అత్తగారిది. నిర్మలకి భయం వేసింది. బండి మళ్ళీ స్టార్టు చేయడానికి రెండుసార్లు కిక్కు కొట్టాల్సి వచ్చింది.

*

అప్పాయమ్మ గొంతు చలపతి గారి దగ్గర ఉందని నిర్మల చెప్పేసరికి సువార్తమ్మ అరుగు మీంచి లేచింది. లేచి, ఎందుకు లేచిందో తెలీనట్టు మళ్ళీ కూర్చుంది.

“మా అమ్మ గొంతా?”

“ఆయ్ అండి. నేనూ విన్నాను.”

“ఎలా ఉంది?”

నిర్మల చెప్పలేక జాయ్ వంక చూసింది. జాయ్ అంది. “చరణం చివర బొంగురు పోతుంది మామ్మా.”

సువార్తమ్మ మనవరాలికి జవాబివ్వలేదు. కానీ కళ్ళు తుడుచుకుంది. ఆ ఇంట్లో అప్పాయమ్మ ఫొటో అనేది లేదు. ఆ తల్లికి ఫొటో ఎవరు తీస్తారు? కూతురికి మిగిలిందల్లా చెవిలో ఉన్న గొంతే, అది కూడా ఏడాదికేడాది పల్చబడుతోంది.

భోజనానికి వచ్చిన రవికుమార్ ఈ మాట పట్టుకున్నాడు. మునిగిపోతున్నవాడికి గట్టు కనిపించినట్టయింది.

“చూసేవా అమ్మా? గొడవ పెట్టుకుంటే అమ్మమ్మ పాట మనకిస్తారా? ఇది వెళ్ళి నాలుగు ముక్కలు చదివి వచ్చేస్తే నేనే చలపతి గారిని బతిమాలి తెచ్చిపెడతాను. నీ ఫోన్లో వేసి పెడతాను. రోజూ వినొచ్చు నువ్వు.”

సువార్తమ్మకి కావలసినవి రెండూ ఒకే తూకంలో పడ్డాయి. ఒక పక్క తల్లి గొంతు, రెండో పక్క తల్లి గొంతు దాచుకున్న మాట. జాయ్ నాయనమ్మ మొహం వంకే చూస్తూ నిలబడింది. ఆవిడ వద్దంటే ఈ పిల్ల ఆగిపోతుందేమో కూడా. పాపం, అంత పగలోనూ ఈ పిల్లకి కావలసింది ఆవిడ ఒక్క మాటే.

ఆవిడ ఆ మాట అనలేదు. లోపలికెళ్ళి చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చింది.

“నిర్మలా, ఆటో పిలువు. నేనూ వస్తాను.”

దేనికి వస్తోందో ఎవరికీ అడిగే ధైర్యం లేకపోయింది.

*

హాలు కిక్కిరిసిపోయింది. వేదిక మధ్యలో, దాతగా తన పేరున్న బ్యానరు ముందు మాణిక్యాలరావు, ఆయన పక్కన చలపతి గారు. మైకులో హరిప్రియ ఒక్కొక్కరినీ పిలుస్తోంది. ఆంప్లిఫయరు దగ్గర రవికుమార్ నిలబడ్డాడు. ఆ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడికి మైకు చూసుకునే పని కూడా అంటగడతారు.

పాట మొదలైంది.

సువార్తమ్మ రెండో వరసలో కళ్ళు మూసుకుని కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. తల్లి ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ తనూ తీసుకుంది. పాట అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ కళ్ళు తెరిచి కోడలితో అంది.

“బాగా పాడింది మా అమ్మ. వాడి ముందు ఎంత బాగా పాడాలో అంత బాగా పాడింది.”

నిర్మల ఆంప్లిఫయరు దగ్గరున్న భర్త వైపు చూసింది.

వేదిక మీద మాణిక్యాలరావు శాలువా విప్పారు. జాయ్ ఒక అడుగు వెనక్కి వేసి, నమస్కారం పెట్టింది.

“చదివేక కప్పండి.”

“అలాగేనమ్మా, అలాగే,” అని ఆయన నవ్వుతూ కూర్చున్నారు. ఏ పాపం తెలియని నవ్వు. ముత్తాత చేసిన పని ఆయనకి ఎవరు చెప్తారు? ఆయన వినేటట్టు ఎవరూ ఏనాడూ పాడలేదు కదా.

జాయ్ పుస్తకం తెరిచి చదివింది. వరద వచ్చింది, గండి పడింది, మట్టి నిలవలేదు. హాలు నిశ్శబ్దంగా వింటోంది. కామందు ఆడవాళ్ళ వంక చూసిన చోట జాయ్ పుస్తకం మూసేసింది.

“నూకాలు పసుపు రాసుకోలేదు. దణ్ణం పెట్టలేదు. నడిచి వెళ్ళలేదు. పిల్లకి పాలివ్వడానికి తట్ట దించింది. పని ఆపిందని రెక్క పట్టుకుని లాక్కొచ్చి తోసేరు.”

“అమ్మా జాయ్,” అన్నారు చలపతి గారు, “పుస్తకంలో ఉన్నది చదువు తల్లీ.”

“పుస్తకంలో ఉన్నది మీదండి. ఇది నాది.”

“ఇప్పుడే విన్నాం కదమ్మా, మీ తాతమ్మగారే పాడేరు.”

“విన్నామండి. కామందు గారి గొడుగు గట్టు మీదున్నప్పుడు పాడిన పాట అది. గొడుగు వెళ్ళేక మా వాళ్ళు ఇంకోటి పాడేవారు. దానికి మీరు లేరు. మీరు ఆయనతో భోజనానికెళ్ళేరు.”

ఆ ముసురు, ఆ కుర్చీ, ఆ విస్తరి, అన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు చలపతి గారి మొహం మారిపోతూ వచ్చింది. జీవితమంతా గర్వంగా చెప్పుకున్న రోజు అది. హరిప్రియ తాతగారి భుజం పట్టుకుంది. జాయ్ అటు చూసింది, చూసి కూడా ఆగలేదు. జాలిపడటానికి వేరే రోజు ఉంటుందనుకుంది.

మాణిక్యాలరావు లేచి కండువా సర్దుకున్నారు. “పిల్లలు, ఉడుకు రక్తం. కానివ్వండి, కానివ్వండి. నాకు కాస్త పనుంది,” అంటూ మెట్ల వైపు నడిచారు.

“కూర్చోండి.”

రెండో వరసలోంచి సువార్తమ్మ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. ఏళ్ళ తరబడి క్లాసుని కూర్చోబెట్టిన గొంతు అది, పెంచాల్సిన పని లేదు.

“మీరెళ్ళేదాకా ఆగి పాడుకోవడం మా అమ్మతో సరి. ఇది మీరుండగా చదవాలి. మీరుండి వినాలి.”

మాణిక్యాలరావు మొహంలో నవ్వు పోయింది. మెట్టు మీదే ఆగి సువార్తమ్మ వైపు తిరిగారు.

“ఎవరు తోసేరంటారండీ? నలుగురిలో నిలబడి నోటికొచ్చింది అనెయ్యడం కాదు. పేరుంటే చెప్పమనండి మీ పిల్లని.”

హాల్లో అందరి కళ్ళూ జాయ్ మీద పడ్డాయి. ఆంప్లిఫయరు దగ్గర రవికుమార్ వద్దు వద్దని రెండు చేతులూ జోడించి తల అడ్డంగా ఊపుతున్నాడు. జాయ్ తండ్రిని చూసింది.

“మీ వెనకాల బ్యానరు మీద రాసుందండి,” అంది. “దాతగారి పేరుకి ముందున్న ఇంటిపేరు.”

తలలన్నీ ఒక్కసారి బ్యానరు వైపు తిరిగాయి. మాణిక్యాలరావు తిరగలేదు. చలపతి గారు తిరిగి, ఆ ఇంటిపేరు చదివి, చేతుల్లో మొహం దాచుకున్నారు.

“గండిలోకి తోసేక,” జాయ్ మొదలుపెట్టింది, “ఆమె మీద మొదటి తట్ట పోయించింది కూడా...”

మైకు ఆగిపోయింది.

ఆపింది మాణిక్యాలరావు మనుషులు కాదు, ప్రిన్సిపాల్ కాదు. స్విచ్చి మీద చెయ్యి పెట్టి నిలబడ్డవాడు రవికుమార్. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నా చెయ్యి మాత్రం తియ్యలేదు.

సువార్తమ్మ కొడుకు వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వేదిక వైపు తిరిగి, ఆదివారం నుంచీ మొదటిసారి, మనవరాలిని పేరు పెట్టి పిలిచింది.

“మైకు లేకపోతే నీకు గొంతు లేదా జాయ్? చదువు. వెనక బెంచీ దాకా వినపడాలి.”